తెల్లగా చీకటిగా ఉన్న గది: మిడ్ సెంచరీ ఇంటిని బాగుచేసుకునేటప్పుడు

(మిడ్ సెంచరీ ఇళ్ళున్నవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసింది. తడబాట్లు తప్ప ఇంకేమీ తియ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే, వినపడకపోతే చెయ్యెత్తండి, నా గొంతు చివరికొచ్చేసరికి దిగిపోతుంది.

ముందే చెప్పేస్తాను, నేను ఆర్కిటెక్టుని కాను, కాంట్రాక్టర్ని కాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే మనిషిని. ఇక్కడ అమెరికాలో 1959లో కట్టిన ఒక మిడ్ సెంచరీ ఇల్లు, అంటే ఇరవయ్యో శతాబ్దం మధ్యలో వచ్చిన కొత్త తరహా ఇల్లు, కొని, దాన్ని బాగుచెయ్యబోయి పాడుచేసి, ఆ పాడుచేసినదాన్ని మళ్ళీ దారిలో పెట్టడానికి తొమ్మిదేళ్ళు తీసుకున్నవాణ్ణి. నన్ను పిలిచింది కూడా అందుకే అనుకుంటున్నా. బాగా చేసినవాళ్ళు బోలెడుమంది ఉంటారు, వాళ్ళొచ్చి ఫోటోలు చూపించి వెళ్ళిపోతారు. ఏం చెయ్యకూడదో చెప్పాలంటే నాలాంటివాడు కావాలి.

ఆ పాడుచేసిన సంగతే మొదట చెప్తాను. తాళాలు చేతికొచ్చిన రెండో వారం. హాల్లో ఒక పక్క గోడంతా ముదురు గోధుమరంగు చెక్క పలకలు, కింద నుంచి పైదాకా. అడుగుపెడితే గుహలోకి వెళ్ళినట్టుండేది. మా ఆవిడ "కొన్నాళ్ళు ఆగుదాం, తొందరేముంది" అంది. నేను ఆగలేదు. ఇద్దరు మనుషుల్ని పెట్టి ఒక్క పూటలో మొత్తం పీకించి, బయట పెట్టిన చెత్త డబ్బాలో పడేయించి, ఆ చోట డ్రైవాల్, అంటే జిప్సం పలకలు, కొట్టించి తెల్లరంగు వేయించాను. వేయించాక ఏమైంది? గది చీకటిగానే ఉంది! ఇంతకుముందు గోధుమరంగు చీకటి, ఇప్పుడు తెల్లగా చీకటి, అంతే తేడా.

ఎందుకో తెలియడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఇంట్లో గోడలకి పైన, కప్పుకి కింద, పొడుగునా ఒక వరస సన్నటి కిటికీలుంటాయి. వెలుగు రావాల్సింది అక్కడి నుంచి, ఇంకా పెరటి వైపు గాజు గోడ నుంచి. మాకంటే ముందున్న యజమానుల్లో ఎవరో పెరట్లో రేకుల వసారా వేయించారు, అది సరిగ్గా ఈ రెండింటికీ అడ్డంగా నిలబడింది. వసారా పీకించిన రోజు సాయంత్రం హాల్లోకి ఎండ పడింది, నేల మీద పొడుగ్గా. అప్పుడు అర్థమైంది, చెక్క గోడ ఏ పాపమూ చెయ్యలేదని. అది ముదురుగా ఉన్నది కావాలనే. లోపల ముదురుగా ఉంటే కన్ను దానంతటదే బయట పచ్చదనం వైపు పోతుంది. నేను దోషిని వదిలేసి సాక్షిని ఉరితీశాను అన్నమాట.

నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క గోడ చుట్టూనే తిరుగుతుంది. విసుక్కోకండి.

సరే, అసలు ఈ ఇళ్ళేమిటి? మిడ్ సెంచరీ మోడర్న్ అంటున్నాం కదా, ఆ పేరు కట్టినవాళ్ళకి తెలీదు. అది 1980లలో జనం నోట్లో పడ్డ పేరు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది, సైనికులు తిరిగొచ్చారు, పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, ఉండటానికి ఇళ్ళు చాలవు. లాస్ ఏంజెలెస్‌లో జాన్ ఎంటెంజా అని ఒక పత్రికా సంపాదకుడు 1945లో కేస్ స్టడీ ఇళ్ళ కార్యక్రమం మొదలుపెట్టాడు. కొత్త సామాన్లతో కొత్త రకం ఇళ్ళు ఎలా కట్టొచ్చో కట్టి చూపించండని ఆర్కిటెక్టులకి చెప్పాడు. అది 1966 దాకా నడిచింది. కుర్చీలు, బల్లలు డిజైన్ చేసి పేరు తెచ్చుకున్న ఈమ్స్ దంపతులు 1949లో తమకోసం కట్టుకున్న ఇల్లు అందులోదే. కొండ అంచున గాజు పెట్టెలాంటి ఇల్లు, లోపల ఇద్దరమ్మాయిలు కూర్చుని మాట్లాడుకుంటుంటే కింద ఊరంతా దీపాలు, ఆ ఫోటో చూశారా? చూసే ఉంటారు, ఎక్కడో ఒక చోట. అది 22వ నంబరు ఇల్లు, గీసింది పియర్ కోనిగ్, ఫోటో తీసింది జూలియస్ షుల్మన్, సంవత్సరం 1960.

కానీ అవి ఒక్కొక్కటీ ఒక్కొక్కరి కోసం కట్టినవి. మామూలు జీతగాళ్ళకి వీధులు వీధులుగా కట్టి అమ్మిన మనిషి జోసెఫ్ ఐక్లర్. ఈయన కథ నాకు భలే ఇష్టం. వెన్న, గుడ్ల హోల్‌సేల్ వ్యాపారంలో ఉన్నాయన. 1940లలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పెద్ద ఆర్కిటెక్టు గీసిన ఒక ఇంట్లో కొన్నాళ్ళు అద్దెకున్నాడు. అద్దెకున్నవాడు ఖాళీ చేసి ఊరుకుంటాడు కదా? ఈయన ఊరుకోలేదు, ఇలాంటివి అందరికీ కట్టాలని ఆ వ్యాపారంలోకి దిగిపోయాడు. ఎక్కువగా కాలిఫోర్నియాలో, మొత్తం సుమారు 11 వేల ఇళ్ళు. ఇంకో సంగతి, ఇది మనం తెలుసుకోవాల్సింది: ఆ రోజుల్లో తెల్లవాళ్ళు కానివాళ్ళకి కొత్త కాలనీల్లో ఇల్లు అమ్మేవాళ్ళు కాదు, చాలా చోట్ల. ఐక్లర్ ఎవరికైనా అమ్మాడు. ఆ విషయంలోనే బిల్డర్ల జాతీయ సంఘం నుంచి 1958లో బయటికొచ్చేశాడు. ఇవాళ ఈ హాల్లో ఐక్లర్ ఇళ్ళున్నవాళ్ళు ఎంతమంది? ఒకటి, రెండు... ఏడుగురు. బాగుంది. మాది అసలు ఐక్లర్ కాదులెండి, ఆయన్ని చూసి ఇంకొకాయన కట్టిన ఇల్లు. వీటిని ఎగతాళిగా లైక్లర్ అంటారు, లైక్ ఐక్లర్, అంటే ఐక్లర్ లాంటిది అని.

ఇప్పుడు కట్టుబడి సంగతి. ఇది కాస్త ఓపిగ్గా వినండి, ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. మామూలు అమెరికన్ ఇంట్లో గోడలు బరువు మోస్తాయి, గోడల లోపల వైర్లు, గొట్టాలు దాక్కుంటాయి, పైన అటక ఉంటుంది, ఆ అటకలో ఇన్సులేషన్, అంటే వేడినీ చలినీ ఆపే పొర, ఏసీ గొట్టాలు, అన్నీ కుక్కేసుకోవచ్చు. మన ఈ మిడ్ సెంచరీ ఇళ్ళలో అలా కాదు. స్తంభాలు, వాటి మీద దూలాలు, బరువంతా వాటి మీదే. మా ఇంట్లో ఎనిమిదడుగులకో దూలం. దూలాల మీద ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునే గాడి చెక్కలు పరిచారు. కింద నుంచి చూస్తే ఆ చెక్కే మీ సీలింగ్, పైన దాని మీదే రూఫింగ్. మధ్యలో ఏమీ లేదు. అటక లేదు! ఏదైనా దాచుకోవడానికి చోటు లేదు.

ఆ దూలం చూడండి, ఈ ఫోటోలో. హాల్లో మొదలై, గాజు దాటి, బయట చూరు దాకా ఒక్కటే దూలం వెళ్తోంది. గాజు దాని కిందే ఆగింది. అందుకే లోపలేదో బయటేదో తెలియదు. గోడ బరువు మొయ్యక్కర్లేదు కాబట్టే అక్కడ గాజు పెట్టగలిగారు. ఐక్లర్ ఇళ్ళలో చాలావాటికి మధ్యలో ఆకాశం కనపడే ఖాళీ కూడా ఉంటుంది, ఏట్రియం అంటారు. మనకది కొత్తా? మండువా లోగిలి చూసినవాళ్ళెవరైనా ఆ ఇంట్లోకి రాగానే "అరే, ఇది మండువా కదా" అంటారు. మా అమ్మ అలాగే అంది, ఒక స్నేహితుడి ఐక్లర్‌కి తీసుకెళితే. "వానొస్తే నీళ్ళెటు పోతాయి?" అని కూడా అడిగింది. మంచి ప్రశ్న. అక్కడి డ్రెయిన్ మూసుకుపోతే నీళ్ళు ఇంట్లోకే పోతాయి, కాబట్టి ఏట్రియం ఉన్నవాళ్ళు ఏటా వానలకి ముందు ఆ డ్రెయిన్ చూసుకోండి.

కాబట్టి చెప్పొచ్చేదేంటంటే, ఈ ఇంట్లో ఏ పని చేసినా కనపడుతుంది. దాచే చోటు లేదు. కాంట్రాక్టర్లకి ఇది నచ్చదు. వాళ్ళు మొదట చెప్పే సలహా ఏంటో తెలుసా? "కింద ఒక ఫాల్స్ సీలింగ్ వేసేద్దాం సార్, వైర్లు, గొట్టాలు, లైట్లు అన్నీ అందులో పోతాయి." వింటే బాగానే ఉంటుంది. అది చేశారంటే ఇంట్లో మిగిలేది ఏమీ ఉండదు. దూలం పోయింది, బయటికి వెళ్ళే గీత పోయింది, పై కిటికీలు సగం మూసుకుపోయాయి. మిగిలింది ఎత్తు తక్కువ పెట్టె. ఒప్పుకోకండి.

నేను పాటించేది ఇదీ, కనపడని చోట ఎంత కొత్తదనమైనా పెట్టుకోండి, ఎంత ఖర్చైనా పెట్టండి. కనపడే గీతల దగ్గర మాత్రం చెయ్యి వేసే ముందు నెలల తరబడి ఆలోచించండి. ఆ రెండింటి మధ్య తేడా తెలియాలంటే ఆ ఇంట్లో ఉండాలి. ఒక ఏడాది. ఎండాకాలం ఒకటి, వానాకాలం ఒకటి. కారుతున్నది ఆపండి, షాక్ కొడుతున్నది మార్చండి, అంతకు మించి ఏమీ ముట్టుకోకండి. ఏ గదిలోకి ఎప్పుడు ఎండ వస్తుంది, చూరు ఎంత బయటికుంది, జూన్‌లో ఎండని ఆపి డిసెంబర్‌లో ఎలా రానిస్తోంది, ఇవన్నీ చూడండి. ఆ చూరుని ఎవరో లెక్కేసి గీశారు. మీరు దాన్ని కోసి గట్టర్ పెట్టారనుకోండి, గది కాలిపోతుంది, తర్వాత ఏసీ పెంచుతారు, తర్వాత కరెంటు బిల్లు చూసి ఈ పాత ఇళ్ళింతే అంటారు.

ఆ ఏడాదిలో చెయ్యాల్సిన పని ఇంకోటుంది, కాగితాల వేట. సిటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి మీ చిరునామా మీద ఉన్న పాత పర్మిట్లన్నీ అడగండి. మా వసారా ఎప్పుడు వచ్చిందో నాకు అక్కడే తెలిసింది. ఐక్లర్ ఇళ్ళు గీసినవాళ్ళలో క్లాడ్ ఓక్లాండ్ అని ఒకాయన ఉన్నాడు, ఆయన ఆఫీసు డ్రాయింగులు బర్క్‌లీ యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అన్నిటికంటే తేలికైనది, మీ వీధిలో ముట్టుకోని ఇల్లు ఒకటుంటుంది, మొదటి నుంచీ అందులోనే ఉన్న పెద్దాయనో పెద్దావిడో. వెళ్ళి తలుపు కొట్టండి. నాకు అలాంటి ఒక పెద్దావిడ తన ఇంటి గోడలన్నీ చూపించింది, కాఫీ ఇచ్చింది, నేను నా గోడ ఏం చేశానో చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం నాకింకా గుర్తుంది.

ఈ వేట ఎంత దూరం పోవచ్చో ఒక ఉదాహరణ. పామ్ స్ప్రింగ్స్‌లో కాఫ్‌మన్ ఇల్లు అని ఉంది, రిచర్డ్ న్యూట్రా అనే ఆర్కిటెక్టు గీసింది, 1946 నాటిది. చేతులు మారి, గదులు చేరి, వసారాలు మూసుకుపోయి, గుర్తుపట్టలేనట్టయింది. 1990లలో కొత్త యజమానులు మార్మోల్ రాడ్జినర్ అనే ఆర్కిటెక్టుల చేత దాన్ని వెనక్కి తెప్పించారు. ఎలా? షుల్మన్ తీసిన పాత ఫోటోలు ముందు పెట్టుకుని. గోడల రాయి సరిపోవాలని యూటాలో అసలు రాయి తవ్విన గనిలోంచే మళ్ళీ తెప్పించారు. మనం గనుల దాకా పోనక్కర్లేదు. పాత ఫోటో ఒకటి సంపాదించినా చాలు.

ఇప్పుడు పైకప్పు. దీనికి కొంచెం టైమ్ తీసుకుంటాను, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయేదీ ఇక్కడే, మనిషిని నిద్రపోనివ్వనిదీ ఇక్కడే.

చదునుగా, లేకపోతే చాలా తక్కువ వాలుతో ఉంటుంది. అప్పట్లో తారు, కంకర వేశారు. ఇన్సులేషన్ దాదాపు లేదు. ఎండాకాలం మధ్యాహ్నం సీలింగ్ చెక్క మీద చెయ్యి పెట్టి చూడండి, పెనం మీద పెట్టినట్టుంటుంది. ఇన్సులేషన్ వెయ్యాలంటే కింద వెయ్యలేం, చెక్క దాక్కుంటుంది. మరెక్కడ? పైన. చెక్క మీద గట్టి ఫోమ్ పలకలు పరిచి దాని మీద కొత్త పొర వేస్తారు, లేకపోతే స్ప్రే ఫోమ్ కొడతారు. రెండూ పనిచేస్తాయి. పనిలో పనిగా కొత్త వైర్లు కూడా ఆ ఫోమ్ కిందనుంచే పంపించుకోవచ్చు, సీలింగ్ ముట్టుకోకుండా. రూఫ్ వేసే ముందు రోజు ఎలక్ట్రీషియన్ని పిలవండి, తర్వాత రోజు కాదు. నేను తర్వాత పిలిచాను.

ఫోమ్ వేస్తే కప్పు మందం పెరుగుతుంది కదా, నాలుగంగుళాలో ఐదంగుళాలో. అప్పుడు ఇంటి అంచు, వీధిలోంచి చూస్తే కనపడే ఆ సన్నటి పట్టీ, లావెక్కిపోతుంది. ఈ ఇళ్ళ అందమంతా ఆ అంచు సన్నదనంలోనే ఉంది. ఇల్లు నెత్తిన పరుపు మోస్తున్నట్టు కనపడితే బాగుంటుందా? దానికి ఉపాయం ఉంది. చూరు బయట ఉన్న భాగానికి ఇన్సులేషన్ అక్కర్లేదు, కింద గది లేదు కాబట్టి. గోడ దాకా మందంగా వేసి, అక్కడి నుంచి అంచుకి వాలుగా తగ్గించుకుంటూ రమ్మనండి. వీధిలోంచి తెలియదు. ఈ మాట కొటేషన్‌లోనే రాయించుకోండి, నోటి మాట కాదు, రాతలో.

ఇంకో మాట, ఇది మర్చిపోవద్దు. ఆ సీలింగ్ చెక్క మందం ఒకటిన్నర అంగుళం. అటక ఉన్న ఇళ్ళకి అలవాటుపడ్డ రూఫర్ పొడుగు మేకులు కొడతాడు. ఏమవుతుంది? మీ హాలు సీలింగ్‌లోంచి మేకుల మొనలు పొడుచుకొస్తాయి, పళ్ళ దువ్వెనలాగా. నవ్వకండి, నా స్నేహితుడింట్లో రెండు గదులు అలాగే ఉన్నాయి. కొట్టబోయే మేకు పొడుగెంతో అడగండి, ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి.

కప్పు మీద ఏసీ పెట్టెలు, గొట్టాలు పాములా పాకుతున్న ఇళ్ళు చూసే ఉంటారు. వాటిలో చాలావరకు కింద నేలలోని వేడి వ్యవస్థ చచ్చిపోయాక పెట్టినవి. దాని సంగతి చెప్తాను.

మన ఇళ్ళలో చాలావాటికి కింద కాంక్రీటు స్లాబులో గొట్టాలు పరిచి, వేడినీళ్ళు తిప్పుతారు. గాలి రాదు, చప్పుడు రాదు, కాళ్ళకి వెచ్చగా ఉంటుంది. చలికాలం పొద్దున్నే ఉత్త కాళ్ళతో కాఫీ పట్టుకుని తిరిగితే ఉండే సుఖం వేరు. బాధేంటంటే గొట్టం కాంక్రీటులో ఉంది. కొన్నిట్లో రాగి, కొన్నిట్లో ఉక్కు. కొరియా యుద్ధం రోజుల్లో రాగి దొరక్క ఉక్కు వాడారు, ఆ ఉక్కు తుప్పు పట్టింది. మీ ఇంట్లో ఏముందో ముందు కనుక్కోండి. ఒక లీకు వచ్చిందని మొత్తం వదిలెయ్యమంటారు, చాలామంది వదిలేశారు కూడా. తొందరపడకండి. ప్రెషర్ టెస్ట్ చేయించి, థర్మల్ కెమెరాతో వెతికితే లీకు ఎక్కడుందో తెలుస్తుంది, ఆ ఒక్క చోట తవ్వి అతుకు వేసేవాళ్ళున్నారు. రాగి అయితే చాలాసార్లు పనవుతుంది. ఉక్కు అయితే ఒకటి అతికితే రెండోది మొదలవుతుంది, అప్పుడు మనసు రాయి చేసుకోవాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఆ స్లాబులోకి మేకు కొట్టనివ్వకండి. కొత్త గోడ వేసినా, ఫ్లోరింగ్ వేసినా, అంటించమనండి. గొట్టం ఎంత పైనుందో ఎవరికీ తెలీదు. వేడి పనిచేస్తున్న ఇంట్లో మందపాటి కార్పెట్ వెయ్యకండి, పొయ్యి మీద దుప్పటి కప్పినట్టే. టైల్ బాగుంటుంది, కార్క్ బాగుంటుంది, అంటించే పలచటి చెక్క కూడా పరవాలేదు.

విషాల సంగతి, త్వరగా చెప్పేస్తాను. కార్పెట్ కింద తొమ్మిదంగుళాల చదరం టైల్స్ కనపడితే అందులో ఆస్బెస్టాస్, పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడుచేసే పదార్థం, ఉందనే అనుకోండి, కింద నల్ల జిగురులో కూడా. చెక్కుచెదరకుండా ఉంటే దాని మీదే కొత్తది వేసుకోవచ్చు. గీకడం, సాండ్ చెయ్యడం మాత్రం వద్దు. లెడ్ పెయింట్‌ని, అంటే సీసం కలిపిన రంగుని, ఇళ్ళలో వాడకుండా 1978లో నిషేధించారు, మన ఇళ్ళన్నీ అంతకుముందువే. 2010 నుంచి అలాంటి ఇళ్ళలో పాత రంగుని కదిలించే పని చేసే కాంట్రాక్టర్‌కి ఈపీఏ, అంటే ప్రభుత్వ పర్యావరణ సంస్థ, ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. చూపించమనండి. పరీక్ష చేయించడం పెద్ద ఖర్చు కాదు. నేను ఆ చెక్క గోడ పీకించినప్పుడు ఏ పరీక్షా చేయించలేదు, పక్క గదిలో పిల్లలు ఆడుకుంటున్నారు. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

గాజు. ఇక్కడ నాకు, పాతది పాతగానే ఉండాలనేవాళ్ళకి పడదు. వాళ్ళు ఒంటి పొర గాజే ఉంచమంటారు. నేనొప్పుకోను. అది మామూలు గాజు, పగిలితే కత్తుల్లాంటి పెద్ద ముక్కలవుతుంది. తలుపుల్లాంటి చోట్ల సేఫ్టీ గాజే ఉండాలని దేశమంతటికీ రూలు వచ్చింది 1977లో. మన ఇళ్ళు అంతకంటే ముందువి. పరిగెత్తే పిల్లలున్న ఇంట్లో నేల దాకా మామూలు గాజు ఉంచుకోమని నేను చెప్పను. డబ్బుంటే టెంపర్డ్ గాజు, అంటే పగిలినా చిన్న ముక్కలే అయ్యేది, అదీ డబుల్ పేన్, రెండు పొరలది. దాంతో గాజులోంచి పోయే వేడి సుమారు సగానికి తగ్గుతుంది. డబ్బు లేకపోతే కనీసం సేఫ్టీ ఫిల్మ్ అంటించండి.

కానీ ఎలా పెడుతున్నారో చూడండి. పాత గాజుకి ఫ్రేమ్ లేదు. స్తంభానికీ దూలానికీ మధ్య నేరుగా కూర్చోబెట్టి, రెండు వైపులా సన్నటి చెక్క పట్టీలు కొట్టారు. కిటికీలు అమ్మేవాళ్ళు వచ్చి ఏం చేస్తారంటే, ఆ ఖాళీలో తెల్ల వినైల్ ఫ్రేమ్ ఒకటి తెచ్చి ఇరికిస్తారు, చుట్టూ మూడంగుళాల మందం. గాజు తగ్గిపోతుంది, గీతలు పెరిగిపోతాయి. అది వద్దు. డబుల్ పేన్ గాజు ఒక్కటే చేయించుకుని, ఉన్న పట్టీలు కొంచెం పలచగా చెక్కించి, అదే చోట కూర్చోబెట్టొచ్చు. ఇది గాజు షాపువాళ్ళు చేస్తారు, కిటికీల షోరూమువాళ్ళు చెయ్యరు. ఎవరికి ఫోన్ చేస్తున్నారన్నదే తేడా.

ఆ, అక్కడ చెయ్యెత్తారు. వంటింటి గురించా? వస్తున్నా, వస్తున్నా, అందరూ అడిగేది అదే.

వంటింట్లో మీకు స్వేచ్ఛ ఎక్కువ. నా మాట నమ్మండి. చాలావరకు అసలు వంటిళ్ళు ఎప్పుడో పోయాయి, మీరు పీకబోయేది 90లలో వచ్చిన ఓక్ క్యాబినెట్లు, దాని మీద జాలి అక్కర్లేదు. మన వంటకి పొగ గొట్టం కావాలి, బలంగా లాగేది. దాన్ని ఎక్కడ బయటికి తీస్తారో మాత్రం రూఫ్ పనితోపాటే తేల్చుకోండి. క్యాబినెట్లు పైదాకా పెట్టి పై కిటికీలు ముయ్యకండి. వాటి అంచులు దూలాల లెక్కకి కలవనివ్వండి, దూలం ఎక్కడుందో అక్కడే క్యాబినెట్ వరస ఆగాలి లేదా మొదలవ్వాలి. ఇది చెప్తే పిచ్చివాడిలా చూస్తారు. చేశాక వచ్చినవాళ్ళందరూ "ఏం చేశారో తెలీదు కానీ ప్రశాంతంగా ఉంది" అంటారు. బాత్రూమ్‌లో గులాబీరంగు టైల్స్ ఇంకా ఉన్నవాళ్ళెవరు? మీరా? దయచేసి పీకకండి. మందపాటి సిమెంటు మీద వేసిన పని అది, ఇవాళ ఆ పని చేసేవాళ్ళు దొరకరు. కుళాయి మార్చుకోండి, లైటు మార్చుకోండి, చాలు.

కొని, మూడు నెలల్లో రంగులేసి అమ్మేవాళ్ళు చేసే పనులు చెప్పనా? లోపలంతా తెలుపు, బయట బూడిదరంగు, తలుపు నారింజ, సన్నక్షరాల ఇంటి నంబరు. దూలాలకి కూడా తెల్లరంగు. నారింజ తలుపు మీద నాకు కోపం లేదు, అది రేపు మార్చుకోవచ్చు. తెల్లరంగేసిన దూలాన్ని మళ్ళీ చెక్క చెయ్యాలంటే ఎంత పనో చేసినవాడికే తెలుసు.

గది చేర్చాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. అమెరికా ఇంటీరియర్ శాఖ పాత కట్టడాల మరమ్మతులకి కొన్ని ప్రమాణాలు రాసింది, పది ఉంటాయి, నాలుగు నిమిషాల్లో చదివెయ్యొచ్చు. అందులో రెండు నాకు బాగా పనికొచ్చాయి. పాడైనదాన్ని వీలైనంతవరకు మార్చకుండా బాగుచెయ్యమంటుంది. కొత్తగా చేర్చింది పాతదాంతో కలిసిపోవాలి కానీ పాతదే అని మోసం చెయ్యకూడదు, రేపెప్పుడైనా తీసేస్తే పాతది చెక్కుచెదరకుండా మిగలాలి అంటుంది. మన ఇల్లు ఏ జాబితాలోనూ లేకపోతే ఇవి పాటించి తీరాలని చట్టమేమీ లేదు. అయినా మంచి లెక్క. కొన్ని చోట్ల మాత్రం నిజంగానే రూల్సున్నాయి. పాలో ఆల్టోలో రెండు ఐక్లర్ పేటలు 2005లో నేషనల్ రిజిస్టర్‌లోకి, అంటే చారిత్రక స్థలాల జాతీయ జాబితాలోకి, ఎక్కాయి. అక్కడా, సన్నీవేల్‌లోనూ కొన్ని ఐక్లర్ పేటల్లో రెండో అంతస్తు వెయ్యనివ్వరు. ఎందుకు? ఇంటి వెనకంతా గాజేనయ్యె, పక్కవాళ్ళు మేడెక్కితే మీ హాలంతా వాళ్ళ కళ్ళముందే. కొనే ముందే సిటీలో అడగండి. కాలిఫోర్నియాలో మిల్స్ యాక్ట్ అని కూడా ఉంది, మీ సిటీ అందులో చేరి, మీ ఇల్లు చారిత్రక జాబితాలో ఉంటే, కాపాడతామని ఒప్పందం రాసిస్తే ఆస్తిపన్ను తగ్గుతుంది. ఆ ఇంటి మీద కొన్ని పనులు చెయ్యకూడదని మీరు సంతకం పెట్టినట్టే, అది కూడా తెలుసుకునే పెట్టండి.

టైమ్ అయిపోయిందంటున్నారు. గోడ సంగతి చెప్పేసి ఆపేస్తాను.

వసారా పోయాక, వెలుగొచ్చాక, ఆ గోడ మళ్ళీ కావాలనిపించింది. ఆ చెక్కని ఫిలిప్పీన్ మహాగని అంటారు, నిజానికి మహాగని కాదు, లవాన్ అనే వేరే చెక్క. ఇప్పుడు దొరికే లవాన్ ప్లైవుడ్ తెచ్చి పెట్టి చూశాను. రంగు కలవదు, చారలు కలవవు. ఆరేళ్ళు అలా తెల్ల గోడతోనే ఉన్నాం. ఒకరోజు మా అమ్మాయి బట్టల అర ఖాళీ చేస్తుంటే, లోపల వెనక గోడ కనపడింది. చెక్క! అదే చెక్క, అరవయ్యేళ్ళుగా ఎండ తగలకుండా. మిగతా గదుల అరలు తీసి చూశాను. అన్నిట్లోనూ ఉంది. కట్టినవాళ్ళు అర లోపల కూడా అదే పలక వేశారు. ఒక మూల దూదితో కాస్త ఆల్కహాల్ రుద్దితే మెరుగు కరిగి అంటుకుంది, అంటే షెల్లాక్, లక్కతో చేసే మెరుగు. వార్నిష్ అయితే కరగదు. మీ ఇంట్లో చెక్క గోడ ఉంటే ఏదీ పూసే ముందు ఇలా ఒక మూల చూసుకోండి, షెల్లాక్ అయితే గీకక్కర్లేదు, పైన కొత్త షెల్లాక్ పూస్తే పాతదాంతో కలిసిపోతుంది.

అరల్లోంచి ఆ పలకలు ఒక్కొక్కటీ జాగ్రత్తగా, ఈసారి పరీక్ష చేయించి, సన్నటి ఇనుప పట్టీతో లేపించి హాల్లో పెట్టించాను. అరల్లో కొత్త ప్లైవుడ్ వేశాం, అక్కడ ఎవరు చూస్తారు? ఎండ తగలని చెక్క కాబట్టి మొదట కాస్త ఎర్రగా కనపడింది, రెండేళ్ళలో రంగు సర్దుకుంది. ఆ పక్కింటి పెద్దావిడని పిలిచి చూపించాను. చేత్తో తడిమి, "మీ అర తలుపులు తెరిచి చూడమని నేను చెప్పాల్సింది" అంది. మా ఆవిడ మాత్రం ఒక్క మాటే అంది, "కొన్నాళ్ళు ఆగుదామన్నాను." ఒక పలక తక్కువొచ్చింది. సోఫా వెనక కింద మూల ఇంకా డ్రైవాలే ఉంది, ఒక కుండీ అడ్డం పెట్టాను. ఎవరి దగ్గరైనా 1959 నాటి పలక ఒకటి, నాలుగడుగుల వెడల్పుది, మిగిలుంటే కార్యక్రమం అయ్యాక నన్ను కలవండి.